పిల్లల్ని అడగడం తప్పా?

కౌమార వయసు పిల్లలకు తమ శరీరం గురించి, గర్భం గురించి, సుఖవ్యాధుల గురించి ఎంత తెలుసో, వాళ్ళు ఏ ప్రమాదాల మధ్య పెరుగుతున్నారో తెలుసుకోవడానికి వైద్య కళాశాలల వాళ్ళు స్కూళ్ళలో ప్రశ్నాపత్రాలు పంచి సర్వేలు చేస్తుంటారు. ఆ మాట ఎత్తగానే మన ఊళ్ళలో రెండు అభిప్రాయాలు ఎదురెదురుగా నిలబడతాయి. ఆ రెంటినీ వాటి పూర్తి బలంతో వినిపించడానికే ఈ సంవాదం. మామయ్య కోనసీమలో జిల్లా పరిషత్ హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి. పిల్లల చదువు విషయంలో ఊరు ఇప్పటికీ ఆయన సలహా అడుగుతుంది. మేనకోడలు కాకినాడలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ చేస్తున్న డాక్టరు. తన సర్వేకి ఊరి తల్లిదండ్రుల్ని ఒప్పించమని ఆయన దగ్గరికి వచ్చింది. ఇద్దరూ కల్పిత పాత్రలే. వాళ్ళు చెప్పుకునే అంకెలూ ఘటనలూ మాత్రం నిజమైనవి.

మామయ్య: చూడమ్మా, నీ ప్రశ్నాపత్రం మొత్తం చదివాను. జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, అందులోని మాటలకి నాకేం ఇబ్బంది లేదు. కానీ తొమ్మిదో తరగతి పిల్లకి ‘కండోమ్ దేనికి వాడతారు’ అని కాగితం చేతిలో పెడితే, సాయంత్రం ఇంటికెళ్ళి వాళ్ళ నాయనమ్మని అడుగుతుంది. మర్నాడు పొద్దున్నే ఆ నాయనమ్మ స్కూలు గేటు దగ్గరుంటుంది. అప్పటికి నువ్వు కాకినాడ వెళ్ళిపోయి ఉంటావు. ఆవిడకి జవాబు చెప్పుకోవాల్సింది స్కూల్లో ఉన్న మాస్టారు.

మేనకోడలు: ఆ నాయనమ్మ రావడమే మంచిది మామయ్యా. ఆవిడతో మాట్లాడకపోతే నా పని సగమే అయినట్టు. రాజోలు, మలికిపురం, పి.గన్నవరం వైపు ఎన్ని ఇళ్ళల్లో తల్లి కువైట్‌లో పనికెళ్ళిందో, పిల్ల అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు. పిల్ల పెద్దమనిషి అయితే తల్లి ఫోన్లో చూసి కళ్ళు తుడుచుకుంటుంది. ఇక్కడ చిమ్మిలి తినిపిస్తారు, ఓణీల ఫంక్షన్ చేస్తారు, సెంటర్లో పిల్ల ఫొటోతో ఫ్లెక్సీ కడతారు. ఊరందరికీ తెలుస్తుంది. మరి ఆ రక్తం ఎందుకొస్తోంది, నెల తప్పడం అంటే ఏంటి, ఎవరైనా చెయ్యకూడని చోట చెయ్యి వేస్తే ఎవరికి చెప్పాలి అన్నవి ఆ పిల్లకి ఎవరు చెబుతున్నారు?

మామయ్య: చెప్పాలమ్మా, కాదనను. తల్లి చెప్పాలి. తల్లి దగ్గర లేకపోతే పిన్నో మేనత్తో చెప్పాలి. స్కూల్లోనూ పాఠాలున్నాయి. ఎనిమిదో తరగతిలో కౌమార దశ, పదిలో ప్రత్యుత్పత్తి. అక్కడికొచ్చేసరికి మాస్టార్లు తడబడతారు, అదీ నిజమే. ఆడా మగా కలిసి కూర్చున్న గదిలో ఒకడు కిసుక్కున నవ్వితే ఆడపిల్లలు తలలు దించేస్తారు. మాస్టారు బొమ్మ గీయించి, భాగాలు గుర్తించమని చెప్పి, పరీక్షలో వచ్చే ప్రశ్నలు రాయించి ముగించేస్తాడు. విషయం తెలియక అలా చెయ్యడు, భయంతో చేస్తాడు. మర్నాడు ఏ తండ్రో వచ్చి ‘మా అమ్మాయికి మీరు నేర్పేది ఇవేనా’ అంటే అతని పక్షాన మాట్లాడే అధికారి ఒక్కడూ ఉండడు. అలాంటి చోట నువ్వు ఈ కాగితాలు పంచితే, పిల్లల బుర్రలోకి లేని ఆలోచన ఎక్కించారంటారు జనం.

మేనకోడలు: జనం అంటారు గానీ పరిశోధనల్లో అలా తేలలేదు. యునెస్కో 2009లో లైంగిక విద్య మీద మార్గదర్శకాలు ఇచ్చేముందు వివిధ దేశాల్లో జరిగిన 87 అధ్యయనాల్ని సమీక్షించారు. పాఠం విన్న పిల్లలు తొందరపడ్డారా అని కొలిచిన వాటిలో మూడో వంతుకు పైగా, పిల్లలు ఇంకా ఆలస్యంగానే ఆ సంబంధాల్లోకి వెళ్ళినట్టు తేలింది. మిగతావాటిలో మార్పు లేదు. తొందరపడినట్టు ఒక్కదాంట్లోనూ లేదు. పైగా ఆలోచన లేదని ఎలా అనుకుంటాం? ఇంట్లో ఫోనుంది, ఫోన్లో నెట్ ఉంది. పిల్లలు మొదట చూసేది బలవంతాన్నీ అబద్ధాన్నీ కలిపి తీసిన అశ్లీల వీడియోలు. 2024 సెప్టెంబరు 23న సుప్రీంకోర్టు పిల్లల అశ్లీల చిత్రాల కేసులో తీర్పు ఇస్తూ, సమగ్ర లైంగిక విద్య గురించి ఆలోచించమని కేంద్రానికి సూచించింది. మనం నోరు మూసుకుంటే పిల్లలు ఆ వీడియోల్నే పాఠం అనుకుంటారు.

మామయ్య: కోర్టు మాట చెప్పావు కాబట్టి పార్లమెంటు మాట కూడా విను. స్కూళ్ళలో కౌమార విద్య అని 2005లో కేంద్రం మొదలుపెడితే, రెండేళ్ళు తిరిగేసరికి మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు మాకొద్దన్నాయి. 2009లో రాజ్యసభ పిటిషన్ల కమిటీ నివేదిక ఇచ్చింది. దానికి అధ్యక్షుడు మన తెలుగువాడే, వెంకయ్యనాయుడు గారు. స్కూళ్ళలో లైంగిక విద్య వద్దన్నారు. ఈ విషయాలు ఇంటర్ స్థాయికి ముందు పెట్టొద్దు, అది కూడా జీవశాస్త్రంలో భాగంగానే పెట్టండన్నారు. వాళ్ళందరూ పిల్లల మంచి కోరనివాళ్ళా? వయసుకి తగ్గ మాట అనేది ఒకటుంటుంది.

మేనకోడలు: వయసుకి తగ్గట్టే చెప్పాలి, అందులో మనకి తగువు లేదు. కానీ ఇంటర్ దాకా ఆగుదామంటే మన రాష్ట్రంలో ఏం జరుగుతోందో చూడండి. 2019-20లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళయిపోయింది. 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం మంది సర్వే నాటికే తల్లులయ్యారు, లేదా కడుపుతో ఉన్నారు. నూటికి పన్నెండు మంది పైనే మామయ్యా. పదితో చదువు ఆపేసిన పిల్ల ఇంటర్లో పెట్టిన పాఠం ఎప్పుడు వింటుంది? ఆ పాఠం అందరికంటే ముందు కావాల్సింది ఆ పిల్లకే.

మామయ్య: ఇప్పుడు నువ్వు చెప్పిన లెక్కే నా వాదానికి పనికొస్తుంది. ఆ పిల్లల పెళ్ళిళ్ళు వాళ్ళకి తెలియక జరిగాయా? తండ్రి చేశాడు, కులపెద్దలు ఒప్పుకున్నారు, బంధువులందరం వెళ్ళి భోజనం చేసి వచ్చాం. ‘యంగ్ లైవ్స్’ అని ఒక అధ్యయనం ఉంది, నీకూ తెలిసే ఉంటుంది. 2002 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తున్నారు, అందులో పశ్చిమగోదావరి కూడా ఉంది. 1994-95లో పుట్టిన ఆడపిల్లల్లో మూడో వంతుకు పైగా పంతొమ్మిదేళ్ళకే అత్తవారింట్లో ఉన్నారు. మగపిల్లల్లో పెళ్ళయినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నీ ప్రశ్నాపత్రంలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న పిల్ల అయినా, తండ్రి సంబంధం ఖాయం చేసేస్తే ఏం చెయ్యగలదు? రోగం ఒకచోట ఉంటే నువ్వు మరోచోట థర్మామీటరు పెడుతున్నావు.

మేనకోడలు: ఈ మాట మాత్రం ఒప్పుకుంటాను. తెలిసినంత మాత్రాన ఎవరూ క్షేమంగా ఉండరు. దానికి సాక్ష్యం మన రాజమండ్రిలోనే ఉంది. 2004 తర్వాత ఆ చుట్టుపక్కల ఎయిడ్స్ నివారణకి పెద్ద కార్యక్రమం నడిచింది. అక్కడ సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్ళ మీద కిమ్ బ్లాంకెన్‌షిప్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త బృందం పరిశోధన చేసింది. 812 మందితో మాట్లాడి 2008లో ఫలితాలు ప్రచురించారు. కార్యక్రమం తనదాకా వచ్చి, పని విషయంలోనూ డబ్బు విషయంలోనూ తన మాట చెల్లుబాటు చేసుకోగలిగిన ఆడమనిషి ప్రతిసారీ కండోమ్ వాడించగలుగుతోందని తేలింది. పెద్దవాళ్ళ సంగతే ఇలా ఉంటే పదహారేళ్ళ పిల్ల సంగతి చెప్పాలా? అందుకే నా ప్రశ్నాపత్రం చివరి పేజీ మళ్ళీ చూడండి. ‘ఇష్టం లేని సంబంధం వస్తే ఇంట్లో ఎవరికి చెప్పగలవు?’ ‘ఒంట్లో బాగోకపోతే ఒక్కదానివే పీహెచ్‌సీకి వెళ్ళగలవా?’ ‘1098కి ఫోన్ చేస్తే పిల్లలకి ఏ సాయం దొరుకుతుందో తెలుసా?’ ఇవీ అడుగుతున్నాను. ఏం తెలుసో అడిగి, ఏం చెయ్యగలదో అడక్కపోతే ఆ సర్వేకి విలువ లేదు.

మామయ్య: సరే, మరి మగపిల్లలు? ఈ సర్వేలన్నీ ఆడపిల్ల ఎంత జాగ్రత్తగా ఉందో అడుగుతాయి గానీ, మగపిల్లవాడు ఎలా ఉండాలో అడిగినట్టు కనపడదు.

మేనకోడలు: నా దాంట్లో సగం ప్రశ్నలు వాళ్ళకే. మన ఊళ్ళలో బస్టాండ్ల వెనక గోడలు చూడండి. నరాల బలహీనత, స్వప్న స్ఖలనం, అన్నిటికీ గ్యారంటీ వైద్యం అని రాసి, ఏ వారం ఏ లాడ్జిలో ఏ రూములో ఉంటారో కూడా పెడతారు. పదిహేనేళ్ళ కుర్రాడు నిద్రలో అలా జరిగితే ఒంట్లో సత్తువంతా పోయిందని నెలల తరబడి కుమిలిపోతాడు. అది ఆ వయసులో సహజం అని ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేక దాచుకున్న డబ్బులు పట్టుకెళ్ళి ఆ లాడ్జి మెట్లెక్కుతాడు. విజయవాడ నుంచి డాక్టర్ సమరం గారు స్వాతి వారపత్రికలో ఏళ్ళ తరబడి జవాబులు రాశారు. పత్రిక కొని చదివే అలవాటు లేని ఇంటి పిల్లాడి మాటేంటి? ఆడపిల్ల ‘వద్దు’ అంటే అది వద్దనే అని వాడికి ఏ తరగతిలో చెబుతున్నాం?

మామయ్య: ఎయిడ్స్ ప్రచారానికి వేసిన పులిరాజా పోస్టర్ల కాలం నాకు గుర్తుంది. రాష్ట్రంలో ఏ గోడ చూసినా పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా రాదా అనే ప్రశ్నే. ఎయిడ్స్ మాట వినని ఇల్లు లేదు. ఇప్పుడు మళ్ళీ ఏం తెలుసని అడగడం దేనికి?

మేనకోడలు: వినడం వేరు, తెలియడం వేరు మామయ్యా. సర్వేలో ఎయిడ్స్ గురించి విన్నావా అని అడిగి వదిలెయ్యరు. ఆరోగ్యంగా కనపడే మనిషికి హెచ్‌ఐవీ ఉండొచ్చా, దోమ కుడితే వస్తుందా, కలిసి భోంచేస్తే వస్తుందా, కండోమ్ వాడితే ముప్పు తగ్గుతుందా అని విడివిడిగా అడుగుతారు. అన్నిటికీ సరైన జవాబు చెబితేనే పూర్తి అవగాహన ఉన్నట్టు. 2019-21 జాతీయ సర్వేలో దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో 21.6 శాతం, మగవాళ్ళలో 30.7 శాతం మందే అంతవరకు వచ్చారు. పెద్దవాళ్ళే ఇలా ఉంటే పిల్లలకి ఇంట్లో చెప్పేదెవరు? మన రాష్ట్రానికి ఇది చిన్న సంగతి కాదు. 2005-06లో రక్తపరీక్షలు చేసినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు ఒకరికి, 0.97 శాతం మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. దేశ సగటు 0.28. 2019 అంచనాల్లో మనది 0.69కి తగ్గింది, దేశానిది 0.22. తగ్గినా దేశ సగటుకి మూడింతలున్నాం.

మామయ్య: నీ లెక్కలు కాదననమ్మా. నా అసలు భయం ఇంకోటి ఉంది, చెబుతాను విను. 2009లో భద్రాచలం వైపు ఏం జరిగిందో మర్చిపోయావా? అప్పటి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. కొందరు పిల్లలు చనిపోయారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. 2010 ఏప్రిల్లో కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం నివేదిక వచ్చింది. చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 1,948 మీద వేలిముద్రలు. ఆ పిల్లలు గిరిజనుల పిల్లలు, హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు. తల్లిదండ్రులకి చెప్పినవాడు లేడు. హెడ్మాస్టరుగా పనిచేసినవాడికి ఆ సంఖ్య చదివితే నిద్రపట్టదు. పై నుంచి ఫోనొస్తే నా సంతకమూ అలాగే అడిగేవాళ్ళు కదా! మంచి పని పేరు చెప్పి పేదవాడి బిడ్డ దగ్గరికి సులువుగా వచ్చేస్తారు, ఇదే నా భయం.

మేనకోడలు: ఈ భయం సరైనదే. నాలాంటివాళ్ళు ప్రతి సర్వేకి ముందు ఖమ్మం గురించి చదవాలి. టీకా మంచిదే అయినా, అడిగిన తీరు తప్పయింది. 2017లో ఐసీఎంఆర్ ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారం ఒక్కటే చాలదు, పిల్లల ఒప్పుదల కూడా విడిగా తీసుకోవాలి. పన్నెండు దాటినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగానే తీసుకోవాలి. వద్దన్న పిల్లకి మార్కులు తగ్గకూడదు, మాట పడకూడదు. హెడ్మాస్టరు సంతకం తల్లి సంతకానికి బదులు కాదు. చదువురాని తల్లికి వేలిముద్ర వేయించుకోవడానికి ముందు తెలుగులో, ఆవిడకి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించాలి, పక్కన సాక్షి ఉండాలి. మిమ్మల్ని నేను అడుగుతున్నదీ సంతకం కాదు. తల్లిదండ్రుల్ని ఒకచోట కూర్చోబెట్టమని అడుగుతున్నాను.

మామయ్య: మరి ఒక పిల్ల ఆ కాగితం మీద ‘మా ఇంటికి వచ్చే ఫలానా మనిషి నన్ను ఇబ్బంది పెడుతున్నాడు’ అని రాస్తే?

మేనకోడలు: ఈ సర్వేలో అన్నిటికంటే బరువైన ప్రశ్న అది. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ బయటపెట్టిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో పన్నెండు వేల మందికి పైగా పిల్లల్ని అడిగితే, సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్ళలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఎవరూ అడక్కపోతే ఆ సంగతి ఎప్పటికీ బయటికి రాదు. ఇక 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళలోపు బిడ్డ మీద నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకి చెప్పి తీరాలి, దాస్తే శిక్ష ఉంది. కాబట్టి కాగితం మీద పేరుండదు. మొదలుపెట్టే ముందే పిల్లలకి చెబుతాం: ఇక్కడ రాసింది ఎవరిదో మాకు తెలియదు, సాయం కావాలంటే పక్క గదిలో కౌన్సిలరు ఉన్నారు, ఆవిడతో చెబితే చట్ట ప్రకారం ముందుకెళ్ళాల్సి వస్తుంది, ఆ దారంతా ఆవిడ నీతోనే ఉంటారు. ఆ ఏర్పాటు లేకుండా ఆ ప్రశ్న అడగడం పాపం.

మామయ్య: ఇందులో ఇంకో చిక్కుంది. ఇద్దరు ఇంటర్ పిల్లలు ఇష్టపడి వెళ్ళిపోయినా అదే చట్టం. ఆ అమ్మాయి కడుపుతో ఉంటే ఆస్పత్రికి వెళ్ళడానికే వణుకుతుంది.

మేనకోడలు: వణికి, ఏ ఆర్‌ఎంపీ దగ్గరో మాత్రలు కొనుక్కుని మింగి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇలాంటి పిల్లల గురించే చెప్పింది. గర్భస్రావం కోసం వచ్చిన మైనరూ ఆమె సంరక్షకులూ కోరితే, డాక్టరు పోలీసులకి సమాచారం ఇచ్చేటప్పుడు ఆమె పేరు, వివరాలు బయటపెట్టక్కర్లేదని. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎంతమంది పిల్లలు ధైర్యంగా పెద్దాసుపత్రికి వస్తారు! ఇది వాళ్ళకి చేర్చాలంటే, వాళ్ళకి ఏం తెలియదో ముందు మనకి తెలియాలి.

మామయ్య: ఒక్క సంగతి నేనూ ఒప్పుకోవాలి. 2021లో ‘స్వేచ్ఛ’ అని ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకి నెలకి పది చొప్పున శానిటరీ ప్యాడ్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు స్కూళ్ళలో గొడవలవుతాయనుకున్నాం. ఏ గొడవా కాలేదు. తల్లులు సంతోషించారు. పని ఆడవాళ్ళ అవసరానిదైతే, చెప్పేతీరు మర్యాదగా ఉంటే ఊరు కాదనదు. కాబట్టి వింటాను, కానీ నావి నాలుగు షరతులు. పిల్లలకంటే ముందు తల్లిదండ్రులకి ప్రశ్నాపత్రం మొత్తం చూపించాలి. ఆడపిల్లలకి ఆడ డాక్టరు, మగపిల్లలకి మగ డాక్టరు విడివిడి గదుల్లో కూర్చోవాలి. కాగితాలు పోగుచేసుకున్న రోజే, పిల్లలు తప్పు రాసిన ప్రతి ప్రశ్నకీ సరైన జవాబు చెప్పి వెళ్ళాలి. నెలలోపు ఫలితాలు పట్టుకుని మళ్ళీ ఈ ఊరికి రావాలి. ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, సచివాలయం మహిళా పోలీసు, మాస్టార్లు అందరి ముందూ చెప్పాలి. పేరు తెలియని ఏదో జర్నల్లో వ్యాసం వేసుకుని వెళ్ళిపోతే మాత్రం రెండో ఏడాది నిన్ను గేటు దాటనివ్వను.

మేనకోడలు: నాలుగూ ఒప్పుకుంటున్నాను మామయ్యా. మూడోది నేనే పెట్టాల్సిన షరతు. ఐదోది నేను కలుపుతాను. ఆ ఫలితాల్లో బాల్యవివాహాలు తేలితే, పెళ్ళి భోజనానికి వెళ్ళే పెద్దలందరితో మీరు మాట్లాడాలి.

మామయ్య: మాట్లాడతాను. నా అభిప్రాయం ఇంకా అదే, మొదట తల్లిదండ్రులు నేర్చుకోవాలి. కానీ వాళ్ళు నేర్చుకునేదాకా పిల్లల వయసు ఆగదు. ఆదివారం పిలుస్తాను, అందరినీ.

ఇద్దరి వాదనలూ విన్నాక ఈ రచయిత తీర్పు ఒకటే. పిల్లల్ని అడగాలి. అడిగే హక్కు ఊరికే రాదు. తల్లి అంగీకారం, బిడ్డ ఒప్పుదల, రహస్యం కాపాడే ఏర్పాటు, సాయానికి మనిషి, తిరిగి వచ్చి చెప్పే బాధ్యత, ఇవన్నీ ఉన్నవాళ్ళకే ఆ హక్కు. ఇవి లేని సర్వేని ఏ హెడ్మాస్టరైనా నిర్మొహమాటంగా తిప్పి పంపాలి. ఇవన్నీ ఉన్న సర్వేని సంస్కృతి పేరు చెప్పి ఆపకండి. అది వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనూ అక్కర్లేదు. మీ ఇంట్లో పదేళ్ళు దాటిన ఆడపిల్ల ఉన్నా, మగపిల్లాడు ఉన్నా ఈ వారమే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఎవరైనా ఇబ్బంది పెడితే చెప్పమనండి, చెబితే తిట్టబోమని మాటివ్వండి. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 వాళ్ళకి నోటికి వచ్చేలా నేర్పండి.